నోరు తెరిచే నాలుగో మూల

పెళ్లి ఫోటోకు ఇంట్లోనే ఫ్రేము కడితే మూడు మూలలు చక్కగా కలిసి, నాలుగోది నోరు తెరుస్తుంది. తప్పు ఆ మూలది కాదు. కోతలు మొత్తం 8. ఒక్కొక్కటి అర డిగ్రీ తగ్గినా చివరికి 4 డిగ్రీల సందు.

రంపంతో కాస్త మిగిల్చి కోయండి. వెడల్పు పలకపై ఇరుకు పలక బిగిస్తే మెట్టు వస్తుంది. దానిపై 90 డిగ్రీల ముక్కోణపు దిమ్మను, ఆ కొన మెట్టు అంచుకు తగిలేలా బిగించండి. కర్రను దిమ్మకు ఆనించి, చిత్రికను పక్కకు పడుకోబెట్టి మెట్టు వెంట దిమ్మ వైపుకే తోయండి, అంచు పేలదు.

దిమ్మ కొద్దిగా వంకరగా కూర్చుందా? కుడివైపు 44 అయితే ఎడమవైపు 46. ప్రతి మూలకూ చెరోవైపు చెక్కిన కర్రలు జతచేస్తే 90 అవుతుంది. ఎదురెదురు కర్రల పొడవు మాత్రం సమానంగా ఉండాలి. చాలామంది మరిచేది అదే.