మాస్కు వివాదం – పొరుగువాని హక్కు

సర్వలోకాల పోషకుడైన అల్లాహ్‌కే స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! కరోనా రోజులు గడిచిపోయాయి. కాని ఆనాడు మాస్కు విషయమై తలెత్తిన తగవు కొందరి మనసుల్లోంచి నేటికీ పోలేదు. పెట్టుకున్నవాడి ఈమాన్ బలహీనమని ఒకరన్నారు. పెట్టుకోనివాడు ప్రాణాలు తీసేవాడని మరొకరన్నారు. అలాంటి వ్యాధి మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనుక ఈ విషయంలో ధర్మం ఏమంటుందో మనసులు నిమ్మళంగా ఉన్నప్పుడే తెలుసుకోవడం మేలు.

2020 జూన్ 8న ప్రార్థనాలయాలను తిరిగి తెరిచేందుకు అనుమతి లభించింది. మాస్కు ధరించాలని, ఎవరి జానమాజ్ వారే తెచ్చుకోవాలని, ఎడం పాటించాలని షరతులు విధించారు. వెంటనే ఒక ప్రశ్న వచ్చింది: నమాజులో నోరు కప్పుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారు కదా? ప్రశ్న న్యాయమైనదే. అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. దాని ఆధారంగానే ధర్మశాస్త్రవేత్తలు అకారణంగా నోరు కప్పుకోవడాన్ని మక్రూహ్ అన్నారు. అయితే నిజమైన అవసరం ఏర్పడినప్పుడు ఆ అయిష్టత తొలగిపోతుందని చెప్పినవారు కూడా వారే. నమాజులో ఆవులింత వస్తే చేయి అడ్డం పెట్టుకుంటున్నాం కదా! అవసరం కోసం నోటికి చేయి అడ్డు రాగలిగినప్పుడు, అవసరం కోసం గుడ్డ ఎందుకు రాకూడదు?

రెండవ అభ్యంతరం తవక్కుల్‌కు సంబంధించినది. చావు రాసిపెట్టి ఉంటే మాస్కు ఆపుతుందా అన్నారు. సిరియాలో అమ్వాస్ ప్లేగు వ్యాపించిన కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ అనే చోట ఆగి, సహచరులను సంప్రదించి, వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము ఒక విధివ్రాత నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధివ్రాత వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఉమర్ (రజి) కన్నా గొప్ప తవక్కుల్ మనకుందని చెప్పుకోగలమా?

మూడవ అభ్యంతరం నిపుణులే మాట మార్చారన్నది. నిజమే. ఆరోగ్యవంతులైన సామాన్యులు మాస్కు ధరించనక్కరలేదని మొదట చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020 జూన్ 5న తన సూచనను సవరించింది. కొత్త సాక్ష్యం ముందుకు వచ్చినప్పుడు న్యాయాధికారి తీర్పు మారడం లోపం కాదు. సాక్ష్యాన్ని చూడ నిరాకరించడమే లోపం. 1910–11లో చైనాలోని హార్బిన్‌లో ప్లేగు చెలరేగినప్పుడు, అది శ్వాస ద్వారా సోకుతున్నదని, మాస్కు కట్టుకోవాలని డాక్టర్ వు లియెన్‌తే చెప్పారు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ మాటను తోసిపుచ్చి, మాస్కు లేకుండానే రోగులను పరీక్షించాడు. కొద్ది రోజుల్లోనే అదే వ్యాధితో మరణించాడు. మాస్కు సంపూర్ణ రక్షణ కాదు, ప్రమాదాన్ని తగ్గించే ఒక సాధనం మాత్రమే. సాధనాన్ని వాడుకొని, ఫలితాన్ని అల్లాహ్‌కు వదలడమే తవక్కుల్.

అసలు విషయం ఇక్కడ ఉంది. మన రాజుపాలెం ప్రాంతంలో మిరప కళ్లాల్లో ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో దుమ్ముకు తువ్వాలు చుట్టుకుంటారు. ఆ గుడ్డ మనల్ని మనం కాపాడుకోవడానికి. అది కట్టుకోకపోతే బాధ మనదే. అంటువ్యాధిలో మాస్కు అలాంటిది కాదు. రోగ లక్షణాలు పైకి కనిపించనివాడు కూడా వ్యాధిని మోసుకు రాగలడు. అతని నోటి తుంపరలు చేరేది పక్కన నిలబడిన వృద్ధుడికి. అందుచేత ఇది మన ధైర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, హుఖూఖుల్ ఇబాద్‌కు, అంటే తోటి దాసుల హక్కులకు సంబంధించిన ప్రశ్న. పచ్చి వెల్లుల్లి తిన్నవాడు మస్జిదుకు దూరంగా ఉండాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. దుర్వాసనతో తోటివారిని బాధించడమే తగనప్పుడు, రోగంతో బాధించడం ఎలా తగుతుంది? అల్లాహ్ హక్కులో జరిగిన లోపం తౌబాతో క్షమించబడుతుంది. తోటి మనిషి హక్కు మాత్రం అతడు క్షమించేవరకు మన మెడకు చుట్టుకొనే ఉంటుంది.

అయితే ఈ హక్కు పేరిట మరో హక్కును కాలరాయకూడదు. 2020 జూన్‌లో నెల్లూరు పర్యాటక శాఖ కార్యాలయంలో, మాస్కు ధరించమన్నందుకు ఒక అధికారి దివ్యాంగురాలైన సహోద్యోగినిని కొట్టాడు, అరెస్టయ్యాడు. మరుసటి నెలలో చీరాలలో, మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు ఆ తరువాత ఆసుపత్రిలో మరణించాడు. పోలీసులు కొట్టారని కుటుంబం, వాహనంలోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ఒకచోట మంచిమాట చెప్పినవారికి దెబ్బలు, మరోచోట గుడ్డ ముక్క లేదన్న కారణంతో మొదలైన విషాదం. ప్రాణం కాపాడేందుకు పెట్టిన నియమం ప్రాణాన్నీ గౌరవాన్నీ హరించేదిగా మారితే దాని ఉద్దేశమే దెబ్బతింటుంది.

ఒక పల్లెటూరి అరబ్బు మస్జిదె నబవీలోనే మూత్రం పోశాడు. సహచరులు మీదికి ఉరికారు. దైవప్రవక్త (స) వారిని ఆపి, ఆ స్థలంలో నీళ్ళు పోయించి, అతనికి మృదువుగా బోధించారు. సున్నత్ అంటే తప్పును సరిదిద్దడమే, మనిషిని అవమానించడం కాదు.

కనుక సోదరులారా! అలాంటి కాలం మళ్ళీ వస్తే జ్వరం, దగ్గు ఉన్నవారు ఇంట్లోనే నమాజు చేసుకోండి. రోగికి జమాఅత్ విషయంలో మినహాయింపు ఉంది. మస్జిదు ద్వారం దగ్గర లేనివారి కోసం మాస్కులు ఉంచండి. సఫ్‌లో నిలబడి గద్దించకండి, పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. ఆయాసంతో మాస్కు భరించలేనివారి మాట ముందు వినండి. ఆనాటి తగవు వల్ల సలాము మానుకున్నవారు ఈరోజే సలాము చెప్పండి. సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానడం ముస్లింకు ధర్మసమ్మతం కాదు.

మన చేతుల వల్ల, మన మాటల వల్ల, మన శ్వాస వల్ల కూడా ఎవరికీ హాని కలుగకుండా జీవించే సద్బుద్ధిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.