నిశ్శబ్దం కోసం పదహారు సిలిండర్లు: కాడిలాక్ వి-16 కారు రూపకల్పన, యాంత్రిక నిర్మాణం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన కాడిలాక్ విభాగం 1930 జనవరిలో పదహారు సిలిండర్ల ఇంజిను గల కారును ప్రజల ముందుంచింది. వాహన చరిత్ర రచనల్లో ఈ పదహారు అనే సంఖ్య తరచుగా ఆడంబరానికి గుర్తుగానే కనిపిస్తుంది. ఆ సంఖ్య వెనుక ఒక స్పష్టమైన యాంత్రిక సమస్య ఉందని, ఆ సమస్యకు ఇతర పరిష్కారాలు దొరికిన తరువాతనే పదహారు సిలిండర్ల అవసరం తీరిపోయిందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కాడిలాక్, వి-16, కంపనం, క్రాంక్‌షాఫ్ట్, కవాటాలు, హార్లీ ఎర్ల్, ఆర్థిక మాంద్యం.

1. ప్రస్తావన:
1920ల చివరి నాటికి అమెరికాలో సంపన్నులు కారు నుంచి ఆశించినవి ప్రధానంగా రెండు: గేరు మార్చే పని తక్కువగా ఉండడం, ఇంజిను నడుస్తున్నదన్న స్పృహే కలగకపోవడం. కేవలం శక్తి కావాలంటే ఎనిమిది సిలిండర్లు చాలు. 1928లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె ఎనిమిది సిలిండర్లతోనే 265 అశ్వశక్తి ఇస్తుందని దాని తయారీదారులు ప్రకటించారు. అంతకంటే పెద్దదైన కాడిలాక్ వి-16 ఇంజిను ఇచ్చినది సుమారు 165 అశ్వశక్తి మాత్రమే. కనుక ఈ ఇంజిను లక్ష్యం శక్తి కాదని అంకెలే చెబుతున్నాయి. మరి లక్ష్యం ఏమిటి?

2. కంపనానికి రెండు మూలాలు:
పిస్టన్ ఇంజినులో కుదుపు ప్రధానంగా రెండు విధాలుగా పుడుతుంది. మొదటిది దహనం వల్ల కలిగేది. నాలుగు స్ట్రోకుల ఇంజినులో ప్రతి సిలిండరు క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కసారి మాత్రమే శక్తినిస్తుంది. ఒక్కరే పెద్ద రోకలితో దంచితే ప్రతి పోటుకూ నేల అదురుతుంది. అదే నలుగురు తేలికపాటి రోకళ్ళతో వరుస తప్పకుండా దంచితే పోటుకూ పోటుకూ మధ్య విరామం తగ్గి, అదురు పలచబడుతుంది. సిలిండర్ల సంఖ్య పెంచడంలోని తర్కం ఇదే.

రెండవది జడత్వం వల్ల కలిగేది. పైకీ కిందికీ కదిలే పిస్టన్లు ప్రతి కొసనా ఆగి, దిశ మార్చుకుంటాయి. ఆ సమయంలో పుట్టే బలాలు పరస్పరం రద్దు కాకపోతే ఇంజిను మొత్తం ఊగుతుంది. ఈ సమస్య కాడిలాక్ ఇంజనీర్లకు కొత్త కాదు. వారి తొలి వి-8 ఇంజినులో క్రాంక్‌షాఫ్ట్ వంపులన్నీ ఒకే తలంలో ఉండేవి. దానివల్ల కలిగే అడ్డ కంపనాన్ని తొలగించడానికి, 1923లో ఆ వంపులను పరస్పరం లంబంగా ఉండే రెండు తలాల్లో అమర్చారు. వి-16 ఆలోచనకు ఈ అనుభవం పూర్వరంగం.

3. 45 డిగ్రీల గణితం:
ఓవెన్ నాకర్ రూపొందించిన ఈ ఇంజినును, ఒకే క్రాంక్‌షాఫ్ట్‌ను పంచుకునే రెండు వరుస-ఎనిమిది ఇంజిన్లుగా భావించవచ్చు. సరిగా అమర్చిన ఎనిమిది సిలిండర్ల వరుసలో ప్రధాన జడత్వ బలాలు వాటంతట అవే రద్దవుతాయి. అందువల్ల రెండు వరుసలను కలిపినప్పుడు కూడా సమతుల్యత చెడదు.

దహనాల మధ్య విరామాన్ని లెక్కిద్దాం. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. ఎనిమిది సిలిండర్లుంటే 90 డిగ్రీలకొక దహనం, పదహారుంటే 45 డిగ్రీలకొక దహనం జరుగుతుంది. ఒక్కొక్క శక్తి స్ట్రోకు అర చుట్టు, అంటే 180 డిగ్రీలు సాగుతుంది. అందుచేత పదహారు సిలిండర్ల ఇంజినులో ఏ క్షణాన చూసినా నాలుగు సిలిండర్లు శక్తి స్ట్రోకులో ఉంటాయి. రెండు వరుసల మధ్య కోణాన్ని సరిగ్గా 45 డిగ్రీలుగా ఉంచడానికి కారణం ఇదే. ఒక వరుసలోని రెండు దహనాల నడిమధ్యన రెండవ వరుస దహనం జరగడానికి ఆ కోణం వీలు కల్పిస్తుంది.

సిలిండరు వ్యాసం 3 అంగుళాలు, పిస్టన్ ప్రయాణం 4 అంగుళాలు. మొత్తం పరిమాణం 452 ఘన అంగుళాలు, అంటే సుమారు 7.4 లీటర్లు. అంత పెద్ద ఇంజినులోనూ ఒక్కో సిలిండరు వాటా అర లీటరుకు లోపే. పిస్టన్లు చిన్నవి, తేలికైనవి కావడంతో ఒక్కొక్క పోటు కూడా చిన్నదైంది.

4. కవాటాల చప్పుడు – నూనె చెప్పిన సమాధానం:
కంపనం తగ్గినంత మాత్రాన నిశ్శబ్దం రాదు. ఈ ఇంజినులో కవాటాలను సిలిండరు పైభాగాన అమర్చారు. సిలిండరుకు రెండు చొప్పున మొత్తం 32 కవాటాలు. లోహం వేడికి వ్యాకోచిస్తుంది కనుక, కవాటాన్ని నడిపే భాగాల మధ్య కొంత ఖాళీ వదలడం ఆనాటి సాధారణ పద్ధతి. ఆ ఖాళీయే టకటకమనే శబ్దానికి కారణం. కవాటాలు పెరిగేకొద్దీ ఆ శబ్దమూ పెరుగుతుంది. అంటే మొదటి సమస్యకు పరిష్కారంగా వచ్చిన సంఖ్యే రెండవ సమస్యను పెంచింది.

దీనికి విరుగుడుగా నూనె పీడనంతో పనిచేసే చిన్న సాధనాలను అమర్చారు. ఖాళీ ఏర్పడగానే నూనె పీడనం ఒక చిన్న పిస్టన్‌ను జరిపి, ఆ ఖాళీని పూరిస్తుంది. ఇంజిను చల్లగా ఉన్నా, వేడెక్కినా భాగాలు ఒకదానినొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి చప్పుడుకు ఆస్కారం ఉండదు. ఈ కారు భవిష్యత్తుకు మిగిల్చిన వారసత్వంలో పదహారు సిలిండర్ల కంటే ఈ సూత్రానికే ఎక్కువ విలువ ఉన్నదని చెప్పవచ్చు.

5. కంటికి నిశ్శబ్దం:
జనరల్ మోటార్స్ 1927లో ఆర్ట్ అండ్ కలర్ అనే రూపకల్పన విభాగాన్ని నెలకొల్పి, దాని బాధ్యతను హార్లీ ఎర్ల్‌కు అప్పగించింది. వి-16లో రూపకల్పన కారు దేహానికే పరిమితం కాలేదు, ఇంజిను గదిలోకి కూడా ప్రవేశించింది. విద్యుత్ తీగలను కప్పుల కింద దాచారు. మెరుగుపెట్టిన లోహం, నల్లని ఎనామిల్ పక్కపక్కనే ఉండి ఇంజినుకు ఒక క్రమబద్ధమైన రూపాన్నిచ్చాయి. కార్బ్యురేటర్లను వరుసకొకటి చొప్పున బయటి వైపున ఉంచారు. చెవికి గజిబిజి వినిపించకూడదన్న నియమాన్నే కంటికీ వర్తింపజేశారన్న మాట. ఇక దేహాల్లో అధికభాగం ఫ్లీట్‌వుడ్ కర్మాగారంలో, కొనుగోలుదారు కోరికను బట్టి తయారయ్యేవి.

6. కాలం కలిసిరాని కారు:
న్యూయార్క్ షేర్ మార్కెట్ 1929 అక్టోబరులో కుప్పకూలింది. ఆ తరువాత మూడు నెలలైనా గడవకముందే వి-16 విడుదలైంది. పతనానికి ముందే సంకల్పించిన కారు కావడంతో వెనుదిరిగే అవకాశం లేదు. పదకొండేళ్ళలో తయారైన నాలుగు వేల పైచిలుకు కార్లలో సగానికి పైగా తొలి దశలోనే అమ్ముడుపోయాయి. 1930ల నడుమ ఏడాదికి సుమారు 50 కార్లకు పడిపోయిన సందర్భాలున్నాయి. ఇదే బాటలో పదహారు సిలిండర్ల కారును తెచ్చిన మార్మన్ సంస్థ 1933లో కార్ల తయారీనే విరమించుకుంది. జనరల్ మోటార్స్ వంటి భారీ సంస్థ అండ ఉన్నందువల్లనే కాడిలాక్ వి-16 ఇంకా కొనసాగగలిగింది.

7. తనను తాను ప్రశ్నించుకున్న రెండవ ఇంజిను:
మాంద్యం ఒక్కటే ఈ కారును ముగించిందనడం అసంపూర్ణ వాదం. 1938 నమూనాకు కాడిలాక్ కొత్త పదహారు సిలిండర్ల ఇంజినును రూపొందించింది. ఇందులో వరుసల మధ్య కోణం 135 డిగ్రీలు. ఇది 45కు మూడు రెట్లు కనుక దహనాల సమాన విరామం చెక్కుచెదరలేదు, ఇంజిను ఎత్తు మాత్రం బాగా తగ్గింది. కవాటాలు తిరిగి పక్కకు వచ్చాయి. క్రాంక్‌షాఫ్ట్ బేరింగులు ఐదు నుంచి తొమ్మిదికి పెరిగాయి. పరిమాణం 431 ఘన అంగుళాలకు తగ్గినా, పాత ఇంజిను చివరి దశలో ఇచ్చిన 185 అశ్వశక్తినే ఇదీ ఇచ్చింది. సరళత కూడా నాణ్యతేనని స్వయంగా వి-16 రూపకర్తలే అంగీకరించారనడానికి ఈ ఇంజిను సాక్ష్యం. 1940 నమూనాతో దీని ఉత్పత్తి ఆగిపోయింది.

1949 నమూనాగా వచ్చిన కాడిలాక్ వి-8 ఈ క్రమాన్ని పూర్తి చేసింది. కేవలం 331 ఘన అంగుళాల పరిమాణంతో అది 160 అశ్వశక్తి ఇచ్చింది. తొలి వి-16 శక్తికి ఇది దాదాపు సమానం. మెరుగైన ఇంధనం వల్ల సాధ్యమైన అధిక సంపీడన నిష్పత్తి, దృఢమైన క్రాంక్‌షాఫ్ట్, నూనె పీడనంతో ఖాళీని పూరించే కవాట సాధనాలు దానికి తోడ్పడ్డాయి. వి-16 సంఖ్యాబలంతో సాధించినదానికి ఈ ఇంజిను సగం సిలిండర్లతోనే చేరువైంది.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.
1. కాడిలాక్ వి-16లోని సిలిండర్ల సంఖ్య అలంకారం కాదు. అది కంపనాన్ని తగ్గించడానికి ఆనాటి విజ్ఞానానికి అందుబాటులో ఉన్న మార్గం.
2. ఒక పరిష్కారం కొత్త సమస్యను తెస్తుంది. కవాటాల చప్పుడుకు కనుగొన్న ఉపాయం అసలు పరిష్కారం కంటే ఎక్కువ కాలం నిలిచింది.
3. మాంద్యం కొనుగోలుదారులను దూరం చేసింది, సాంకేతిక ప్రగతి అవసరాన్నే తొలగించింది. ఈ రెండింటిలో మొదటిదాన్ని మాత్రమే చెబితే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది.

ఒక యంత్రాన్ని అంచనా వేసేటప్పుడు అది ఎంత పెద్దదన్న ప్రశ్న కంటే, ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందన్న ప్రశ్న ముఖ్యమని వి-16 చరిత్ర స్పష్టం చేస్తున్నది.