కాంతి చెన్నై వెళ్లొచ్చేలోగా

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్‌ మొదలైంది. దీవుల మధ్య వేసిన పాయలతో కలిపి పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు రూ.1,224 కోట్లు. అంతకుముందు పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అన్నారు గానీ, పాత పేరే నోటికొస్తుంది) ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగా వచ్చేది. ఆ ఉపగ్రహం ఉండేది 36 వేల కిలోమీటర్ల పైన. మాట పైకెళ్లి కిందికి దిగడానికే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. పైగా ఆ కాస్త బ్యాండ్‌విడ్త్‌నే దీవులన్నీ పంచుకోవాలి.

కేబుల్ పడ్డాక ఆ బాధ తీరింది. అయినా 2016లోనో 2017లోనో కొన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మాత్రం పాత కథే. స్విచ్ నొక్కి, టీ పెట్టుకుని వచ్చినా డెస్క్‌టాప్ మీద ఆ వలయం తిరుగుతూనే ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 13 శాతానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లే. వాళ్ల ఇళ్లలోనూ ‘నెట్ స్లో’ అన్న ఫిర్యాదు వినిపిస్తే, ముందు అనుమానించాల్సింది నెట్‌ని కాదు, లోపలున్న హార్డ్‌డిస్క్‌ని.

ఓ లెక్క వేద్దాం. పాత ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ పళ్లెం నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు, సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం, ఐదున్నర. అంతకుముందే ముల్లు సరైన వరుస దగ్గరికి జరగాలి, దానికి దాదాపు 12. మొత్తం 17 మిల్లీసెకన్లు. ఇక పోర్ట్‌బ్లెయిర్ నుంచి చెన్నై సూటిగా 1,300 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెళ్లి రావడానికి 14 మిల్లీసెకన్లు చాలు. కేబుల్ సూటిగా ఉండదు, దారిలో యంత్రాలూ ఉంటాయి, నిజమే. అయినా సముద్రం దాటి వెళ్లి వచ్చే పనీ, బల్ల మీదున్న పెట్టెలో ఒక్క ముక్క వెతికే పనీ ఇంచుమించు ఒకే సమయం తీసుకోవడం నాకైతే సిగ్గుచేటుగానే అనిపిస్తుంది.

ఒక్క ముక్కకైతే ఎవరూ పట్టించుకోరు. కానీ విండోస్ లేవాలంటే డిస్క్ నిండా చెదిరి ఉన్న వేలాది చిన్న ఫైళ్లు చదవాలి. కిక్కిరిసిన బస్సులో కండక్టరు ఒక్కో టికెట్‌కీ ఈ చివరి నుంచి ఆ చివరికి తోసుకుంటూ వెళ్లినట్టు, ముల్లు అటూ ఇటూ పరుగెడుతుంది. సెకనుకు అరవై ముక్కలకు మించి అందివ్వలేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి: డిస్క్ ఎదురుగా ఎర్రగా 100 శాతం, దాని పక్కనే వేగం సెకనుకు ఒకటీ రెండు మెగాబైట్లు. అదే డిస్క్ ఒక పెద్ద సినిమాని వరసగా కాపీ చేస్తే వంద మెగాబైట్లు ఇవ్వగలదు. అంటే డిస్క్ ఊరికే లేదు, వెతుకులాటలోనే అలసిపోతోంది. దీనికి ఫార్మాట్ కొట్టించినా కొన్నాళ్లే ఉపశమనం.

హార్డ్‌డిస్క్ బదులు వేసుకునే ఎస్‌ఎస్‌డీలో ముల్లూ లేదు, పళ్లెమూ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుఒకా 1987లో ప్రపంచానికి చూపిన నాండ్ ఫ్లాష్ దాని ప్రాణం. సిలికాన్ మీద ప్రతి గదికీ చుట్టూ విద్యుత్తును అడ్డుకునే పలుచని పొర ఉంటుంది. ఇరవై వోల్టుల దాకా ఒత్తిడి పెడితే ఎలక్ట్రాన్లు ఆ పొరలోంచి దూరి లోపల చిక్కుకుంటాయి, కరెంటు తీసేసినా కదలవు. మామూలు భౌతికశాస్త్రం ఒప్పుకోని దారి ఇది, క్వాంటం సిద్ధాంతం ఒప్పుకుంటుంది. లోపల ఎంత విద్యుదావేశం ఉందో చూస్తే చాలు, సమాచారం చదివినట్టే. పడమటి చివరి గదికైనా తూర్పు చివరి గదికైనా పట్టే సమయం ఒకటే, అన్నీ కలుపుకుని మిల్లీసెకనులో పదో వంతు. 17కీ 0.1కీ మధ్య ఉన్న ఆ తేడానే మనం ‘ల్యాప్‌టాప్ కొత్తదయింది’ అంటాం.

దీవుల వాతావరణంలో ఎస్‌ఎస్‌డీతో ఇంకో మేలుంది. హార్డ్‌డిస్క్ మూత మీద చిన్న రంధ్రం, పక్కనే ‘దీన్ని మూయవద్దు’ అన్న హెచ్చరిక ఉంటాయి. ముల్లు పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి మీద తేలాలి, అందుకే లోపలి గాలి పీడనం బయటి గాలితో సమానంగా ఉండాలి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఆ గాలితో తేమా వస్తుంది. ఆ రంధ్రానికున్న వడపోత దుమ్మును ఆపుతుంది గానీ నీటి ఆవిరిని కాదు. ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌ను ఉక్క గాలిలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయకపోవడం ఎందుకైనా మంచిది. ఎస్‌ఎస్‌డీకి ఊపిరి పీల్చే పని లేదు. ఓడ ఊగినా, జీపు కుదిపినా చలించదు.

కొనేముందు మీ ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుందో చూసుకోండి, దీవులకు తెప్పించుకున్నది సరిపోకపోతే తిప్పి పంపడం పెద్ద తతంగం. పాతవాటిలో రెండున్నర అంగుళాల, 7 మిల్లీమీటర్ల మందం సాటా డ్రైవ్ పడుతుంది. తర్వాతివాటిలో వేలెడు వెడల్పుండే ఎం.2 స్లాట్ ఉండొచ్చు. అది సాటానా, ఎన్‌వీఎంఈనా అన్నది వేరే తెలుసుకోవాలి, రూపం ఒకటే అయినా ఒకటి ఇంకో దానిలో పనిచేయకపోవచ్చు. నిల్వ చిప్‌ను బోర్డుకే అతికించేసిన చౌక మోడళ్లలో మార్చడం కుదరదు. ఎన్‌వీఎంఈ సెకనుకు 3,500 మెగాబైట్లని రాస్తారు, సాటా 550 దగ్గర ఆగుతుంది. కానీ అకౌంట్లు రాసుకునే, పిల్లల పాఠాలు చూసే మనిషికి ఆ తేడా కంటికి ఆనదు. నన్నడిగితే ఆ డబ్బుతో ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించుకోవడం మేలు.

అరిగిపోతుందన్న భయం ఎక్కువమందికుంది. రాసిన ప్రతిసారీ ఆ పలుచని పొర కాస్త దెబ్బతింటుంది, అబద్ధం కాదు. కానీ 500 జీబీ డ్రైవ్‌కు 300 టెరాబైట్ల రాతకు హామీ ఇస్తుంటారు. రోజుకు 20 జీబీ రాసినా నలభై ఏళ్లు. ల్యాప్‌టాప్ కీలు అంతకుముందే విరుగుతుంది.

అసలు భయపడాల్సింది కరెంటు గురించి. ఇక్కడ విద్యుత్తు చాలావరకు డీజిల్ జనరేటర్లదే. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ను నేరుగా ప్లగ్గు మీద నడిపేవాళ్లు, డ్రైవ్ రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ల జాబితానే పోగొట్టుకోవచ్చు. బ్యాటరీ మార్చాకే ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఇంకోటి, డిలీట్ చేసిన ఫొటోలను పాత డిస్క్ నుంచి రికవరీ షాపువాళ్లు వెనక్కి తీసేవారు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఆదేశం ఖాళీ అయిన గదులను తుడిచేస్తుంది కాబట్టి ఆ ఆశ దాదాపు ఉండదు.

పాత డిస్క్‌ను పారేయకండి. యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో మూసి ఉంచితే రెండో కాపీకి పనికొస్తుంది.