ఈగ రెక్కకు కేబుల్ కనెక్షన్!

అరటిపండ్లు కాస్త ఎక్కువ మాగితే చాలు, ఎక్కణ్నుంచి వస్తాయో కానీ బుల్లి ఈగలు ముసిరేస్తాయి. చేత్తో తోలేస్తాం. సైంటిస్టులు మాత్రం ఆ డ్రోసోఫిలా ఈగ రెక్క ఎలా తయారవుతుందో తేల్చలేక దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు.

ఈగ ఇంకా పురుగు దశలో ఉండగానే దాని ఒంట్లో రెక్క కోసం ఓ చిన్న సంచిలాంటి కణజాలం ఉంటుంది. కొన్ని పదుల కణాలతో మొదలై వేలకు చేరుతుంది. వాటిలో ఏది అంచు కావాలి, ఏది ఈనె కావాలి? చెప్పడానికి మేనేజర్ ఎవరూ లేరు. మధ్యలో ఉన్న ఓ వరుస కణాలు డీపీపీ అనే ప్రొటీన్‌ను వదులుతాయి. దగ్గరివాటికి ఎక్కువ, దూరంవాటికి తక్కువ అందుతుంది. అందినదాన్ని బట్టి ప్రతి కణం తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఇలాంటి పదార్థాలకు 'మార్ఫోజెన్' అని 1952లో పేరు పెట్టిందెవరో తెలుసా? మా కంప్యూటర్లవాళ్ల అలాన్ ట్యూరింగ్!

మరి ఆ ప్రొటీన్ ప్రయాణం ఎలా? నీళ్లలో సిరాచుక్క పాకినట్టే అన్నది పాత మాట. అది సాధ్యమేనని 1970లో ఫ్రాన్సిస్ క్రిక్ లెక్కగట్టి చూపించారు. కానీ 1999లో థామస్ కోర్న్‌బర్గ్, రమిరెజ్-వెబర్ రెక్క కణాల నుంచి ఆ మధ్య వరుస వైపు చాచుకున్న సన్నటి దారాలు చూశారు. పేరు సైటోనీమ్‌లు. అంటే వైఫై కాదు, కేబుల్ అన్నమాట. 2014లో కోర్న్‌బర్గ్ బృందమే ఇంకో సంగతి చూపించింది. రెక్క పక్కనే పెరిగే గాలిగొట్టం కణాలు దారాలు చాచి, రెక్క కణాలను తాకి మరీ డీపీపీ తెచ్చుకుంటున్నాయి. దారాలు దెబ్బతింటే కబురు బంద్.

అదే ఏడాది లండన్‌లో జాన్‌పాల్ విన్సెంట్ బృందం ఇంకా గట్టి షాకిచ్చింది. వింగ్‌లెస్ అనే మరో కబురు ప్రొటీన్‌ను ఎటూ కదలకుండా కణం పొరకే కట్టేశారు. రెక్కలు రావనుకుంటాం కదా? ఈగలు కాస్త ఆలస్యంగా పెరిగినా, రెక్కలు దాదాపు మామూలుగానే వచ్చాయి! పాకాల్సిన పనే లేదా అని అప్పట్నుంచి కొత్త గొడవ. నాకైతే ఒక్కో ప్రొటీన్‌ది ఒక్కో దారి అనిపిస్తుంది.

ఈగ గోల మనకెందుకంటారా? ఈగల్లోనే దొరికిన హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్‌కు మన ఒంట్లోనూ చుట్టాలున్నాయి. ఆ కబురు రాకపోయినా వచ్చినట్టే కణాలు పెరిగిపోతే వచ్చేదే బేసల్ సెల్ చర్మ క్యాన్సర్. ఆ దారిని మూసే విస్మోడెగిబ్ మందుకు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది.