బెజవాడ కూలర్‌కి పడమటి గాలే దిక్కు

బెజవాడ ఎండ గురించి ఎవరు మాట్లాడినా డిగ్రీల లెక్కే. నిన్న 42 అట, ఇవాళ 43 అట. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరైన నాకు ఆ లెక్క ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. రెండో సగం, గాలిలో అప్పటికే ఎంత నీటి ఆవిరి ఉందన్నది. ఆ సంగతి థర్మామీటర్ చెప్పదు, కూలర్ చెబుతుంది.

మే నెల మిట్టమధ్యాహ్నం తెలంగాణ వైపు నుంచి పడమటి గాలి కొడుతుంది. వడగాలే, కానీ పొడిగాలి. సాయంత్రానికి గాలి బందరు సముద్రం వైపు నుంచి తిరిగితే ఎండ తగ్గుతుంది గానీ చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. సత్యనారాయణపురంలో మా పక్కింటావిడ సరిగ్గా ఆ వేళకే పిట్టగోడ దగ్గరికొస్తుంది. "మాస్టారూ, మధ్యాహ్నం చల్లగానే వచ్చిందండీ గాలి. ఎండ తగ్గాక కూలర్ ఉండీ లేనట్టే ఉందేంటి? గడ్డి మార్పించాలా?"

"గడ్డి తప్పేం లేదమ్మా, గాలి మారింది" అంటాను.

గాలి మారితే కూలర్‌కి ఏమవుతుందో తెలియాలంటే అణువుల దగ్గర మొదలుపెట్టాలి. గదిలో గాలి కదలనట్టే ఉంటుంది గానీ దాని అణువులు ఊరుకోవు. 30 డిగ్రీల దగ్గర నైట్రోజన్ అణువు సగటున సెకనుకి 480 మీటర్లు పరిగెడుతుంది. అడ్డేమీ లేకపోతే ఇక్కడ బయల్దేరి పది నిమిషాల్లో హైదరాబాద్‌లో ఉండాలి. ఎక్కడ పోనిస్తాయి! మిల్లీమీటరులో పదివేలో వంతు దూరమైనా పోకముందే ఇంకో అణువుని గుద్దుకుంటుంది. నీటిలోనూ ఇదే ఉరుకులాట, కాకపోతే అక్కడి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అన్నిటికీ ఒకటే వేగం ఉండదు. వాయువులో ఏ వేగంతో ఎన్ని అణువులుంటాయో మాక్స్‌వెల్ 1860లో లెక్కకట్టి చూపించాడు. నీటిలోనూ కొన్ని మందకొడివి, కొన్ని దూకుడువి.

తడిసిన కూలర్ గడ్డి మీద, పట్టు తెంచుకుని గాలిలోకి ఎగిరేవి ఆ దూకుడు అణువులే. మన కాలేజీల్లో మార్కులొచ్చే పిల్లల్ని ఏరి స్పెషల్ బ్యాచ్‌లో వేస్తే మిగిలిన సెక్షన్ సగటు పడిపోతుంది కదా, ఇదీ అంతే. అణువుల సగటు శక్తి తగ్గడమంటే నీరు చల్లబడడమే. లీటరు నీరు ఆవిరైతే 24 లక్షల జౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. యూనిట్ కరెంటులో ఇది మూడింట రెండు వంతులు. కుండలో నీళ్లు చల్లబడేదీ, వెనకటివాళ్లు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లిందీ ఇందుకే.

అయితే ఎగిరినవన్నీ ఎగిరిపోవు, తిరిగొచ్చి నీటిలో పడేవీ ఉంటాయి. గాలిలో ఆవిరి ఎక్కువైతే తిరిగొచ్చేవీ ఎక్కువవుతాయి. వెళ్లేవీ వచ్చేవీ సమానమైతే ఇక ఆరడం లేదు, చల్లబడడమూ లేదు.

నమ్మకం లేకపోతే థర్మామీటర్ గుండుకి పాత పంచె పీలిక చుట్టి, తడిపి, టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టండి. గాలి 42 డిగ్రీలుండి తేమ 20 శాతమైతే పాదరసం దిగి దిగి 24 దగ్గర ఆగుతుంది. అదే 36 డిగ్రీలుండి తేమ 60 శాతమైతే 29 దగ్గరే ఆగిపోతుంది. ఎంత ఖరీదైన కూలరైనా గాలిని ఈ తడిగుడ్డ అంకె కంటే కిందికి దించలేదు. షాపులో ఎవరూ చెప్పని మాట ఇదే.

మన ఒళ్లూ ఒక కూలరే, చెమట దాని నీళ్లు. చర్మం ఇంచుమించు 35 డిగ్రీలుంటుంది. తడిగుడ్డ అంకె కూడా 35కి చేరితే చెమట పట్టినా వేడి పోదు, నీడన కూర్చున్న ఆరోగ్యవంతుడికీ గండమే. వాతావరణ శాఖ వడగాలుల లెక్కలో మైదానానికి 40 డిగ్రీల గీత పెట్టి, తేమ ఎక్కువుండే కోస్తాకి 37 దగ్గరే పెట్టింది. పొడి వేడి మంచిదని కాదు సుమా. చెమట కనపడకుండానే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తోడేస్తుంది. 2015 ఎండలకి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా పోయారు.

కాబట్టి కూలర్ పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి. తలుపులన్నీ బిగిస్తే ఆవిరి గదిలోనే పోగై, సాయంత్రపు ఉక్క మధ్యాహ్నమే వచ్చేస్తుంది. బందరు గాలి తగిలాక పంపు ఆపి ఫ్యాన్ ఒక్కటీ తిప్పుకోండి. 40 దాటిన రోజు మాత్రం ఒట్టి ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు, అది ఒంటికి వేడినే కొడుతుంది. తడి తువ్వాలు కప్పుకోండి. ఫోన్‌లో ఎండ ఎంతో చూసేటప్పుడు దాని కిందున్న తేమ శాతం కూడా చూడండి.