మీకు తెలుసా? ఏనుగుకు 11 గ్రాముల తూటా!

ఏనుగును కూల్చాలంటే చిన్నపాటి ఫిరంగే కావాలని వందేళ్ల కిందట ఆఫ్రికాలో చాలామంది వేటగాళ్ల నమ్మకం. .577 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా 750 గ్రెయిన్లు, అంటే 48 గ్రాముల పైచిలుకు. కాల్చినవాడి భుజానికీ అది శిక్షే!

స్కాట్లండ్‌ వాడైన వాల్టర్ బెల్ వేరే దారి పట్టాడు. ఉగాండాలోని కరమోజా ప్రాంతం వల్ల 'కరమోజో బెల్'గా పేరుపడ్డ ఇతను వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. తలచుకుంటే ఒళ్లు జలదరించే లెక్క. అందులో ఎన్నింటినో కూల్చింది .275 రైఫిల్‌. దాని తూటా 173 గ్రెయిన్లు, సుమారు 11 గ్రాములు మాత్రమే.

కిటుకు తూటా తయారీలో ఉంది. సన్నగా, పొడవుగా ఉండి, సీసం చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉండటంతో అది ఎముక తగిలినా విచ్చుకోకుండా తిన్నగా లోపలికి దిగుతుంది. జింకల వేటలో వాడే మెత్తని మొన తూటా తగలగానే విచ్చుకుంటుంది. ఏనుగు పుర్రె దగ్గర దాని ఆటలు సాగవు. పైగా బెల్, ఏనుగు పుర్రెను కోయించి మెదడు ఎక్కడుంటుందో కళ్లారా చూసుకున్నాడు.

ఆ గురి అందరికీ ఉండదు కదా! అందుకే ఆఫ్రికాలో పలు దేశాలు ప్రమాదకర జంతువుల వేటకు కనీసం .375 కాలిబర్ ఉండాలన్నాయి.

అన్నట్టు, 1907లో నరభక్షక చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా దక్కిందీ .275 రిగ్బీ రైఫిలే.