రాకపోకలు నిలిచిన దినములలో దేహరక్షణ

కరోనా జాడ్యముచే 2020 మార్చి 25వ తేదీ మొదలు దేశమంతట రాకపోకలు నిలిచెను. సేద్యపు పనులకు అనుమతి కలిగెను. తెలంగాణమున తలకు 12 కిలోల బియ్యము ఉచితముగా నిచ్చిరి. ఆకలి తీరెను, కాని కోతలు ముగిసి యింట కూర్చుండి మూడుపూటల అన్నమే భుజించినచో, తగ్గించుకొనిన బరువు మరల పెరుగును. స్థూలకాయులకును, మధుమేహము గలవారికిని ఆ జాడ్యము మిక్కిలి ప్రమాదకరము.

అట్టి దినములు మరల వచ్చినచో బూర్గంపాడు రైతులకు మేము చెప్పునది యొక్కటే: పనికి తగినంతయే తిండి. ఒకపూట జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తినుడు. ఉదయమున పొలముగట్లపై నడువుడు. మిరపకోతలో ఆరడుగుల యెడముంచుడు. ముక్కును నోటిని తువాలుతో కప్పుకొనుడు. ఇల్లు చేరగనే సబ్బుతో చేతులు కడుగుకొనుడు. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని యడుగక పస్తుండరాదు. వారమున కొకమారు మొలత్రాడు చూచుకొనుడు. బిగిసినచో మరునాటినుండి పిడికెడన్నము తగ్గింపుడు.